డాబా మీద వేసే ‘వేడి తగ్గించే పెయింటు’ కొంటున్నారా? బకెట్ తూకం వేయకుండా పని మొదలుపెట్టనివ్వకండి

ఎండలు ముదరక ముందే డాబాకు వేడి తగ్గించే కోటింగ్ వేయించాలనుకుంటున్న వాళ్లందరికీ ఇది హెచ్చరిక. గదిలో పది డిగ్రీలు తగ్గుతుంది, పదిహేను డిగ్రీలు తగ్గుతుంది అని చెప్పే అమ్మకందారు మాట మీద ఆధారపడి డబ్బు కట్టకండి. నమూనాగా చూపించిన సరుకూ, మీ ఇంటికి వచ్చిన బకెట్లలోని సరుకూ ఒకటేనని తేలేదాకా బ్రష్షు ముంచనివ్వకండి. నాకు జరిగింది చెబుతాను. దుకాణం పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే విషయం వినియోగదారుల కమిషన్ ముందు ఉంది.

నేను ఆర్కిటెక్ట్‌ని. తెనాలిలో మా తాతగారు కట్టిన ఇంటిని అమ్మానాన్నల కోసం బాగు చేయిస్తున్నాను. ముందు భాగం మండువా ఉన్న పెంకుటిల్లు, సున్నపు గోడలు, చుట్టూ వసారా. పగిలిన పెంకులు మార్చి, చెదపట్టిన వాసాలు తీసేసి, ఎప్పుడో మేకులు కొట్టి మూసేసిన వెంటిలేటర్లు తెరిపిస్తే ఆ భాగం మళ్లీ హాయిగా ఊపిరి తీసుకుంది. కృష్ణా డెల్టాలో ఉక్కపోతే అసలు శత్రువు. గాలి ఆడకపోతే ఎంత చల్లని గోడైనా ఉపయోగం లేదని పాత మేస్త్రీలకు బాగా తెలుసు. ఇబ్బందంతా వెనుక భాగంతోనే. 1980లలో నాన్న వేయించిన కాంక్రీటు డాబా అది. మధ్యాహ్నమంతా తాగిన వేడిని ఆ స్లాబు సాయంత్రం నుంచి నింపాదిగా గదిలోకి వదులుతుంది. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద పడుకుంటే పైనుంచి ముఖానికి సెగ తగులుతుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. నాన్నకు డెబ్బై దాటాయి. ఆయన నిద్ర కోసమే ఈ పని మొదలుపెట్టాను.

డబ్బు, సమయం చూసుకుని రెండు దశలుగా అనుకున్నాను. మొదట తెల్లని కోటింగ్, తరువాత వీలునుబట్టి ఇన్సులేషన్, అంటే వేడిని దిగనివ్వని మందపాటి పొర. తెల్లని పైకప్పు పనిచేస్తుందనడంలో నాకు సందేహం లేదు. మసిబారిన సిమెంటు డాబా మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీల దరిదాపులకు వెళ్తుంది. అదే శుభ్రమైన తెల్లని డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడవచ్చు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం తెచ్చాక ఈ మాట ఇంటింటికీ చేరింది. మంచిదే. అయితే దాని వెనుకే రకరకాల డబ్బాలు కూడా మార్కెట్‌లోకి దిగాయి.

విజయవాడలో నేను వెళ్లిన దుకాణంలో ముందుగా చూపించింది లేజర్ థర్మామీటర్ ప్రదర్శన. రెండు రేకులు. ఒకదానికి వెండి రంగు పూత, రెండోది మామూలు సిమెంటు రేకు. రెంటినీ ఎండలో పెట్టి తుపాకీలాంటి ఆ పరికరం గురిపెట్టారు. వెండి రంగు రేకు ఎంతో తక్కువ చూపించింది, చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ కొలత నమ్మదగింది కాదు. ఆ పరికరం వస్తువు నుంచి వెలువడే పరారుణ కిరణాలను బట్టి వేడిని లెక్కగడుతుంది. అల్యూమినియం కలిసిన మెరిసే పూత ఆ కిరణాలను తక్కువగా వదులుతుంది కాబట్టి, నిజంగా వేడెక్కి ఉన్నా పరికరం తక్కువ అంకె చూపిస్తుంది. అదే రేకుకు తీగ ఉన్న మామూలు థర్మామీటర్ మొనను టేపుతో అతికించి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. నేను అక్కడే ఆ మాట చెప్పాను. వాళ్లు వెంటనే వెండి రంగు పక్కన పెట్టి, ‘సిరామిక్ పూసలు కలిసిన’ తెల్లని కోటింగ్ చూపించారు.

దాని గురించి రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఎండను వెనక్కి కొడుతుందని. రెండు, ఇన్సులేషన్‌లా వేడిని ఆపుతుందని. మొదటిది సాధ్యమే. రెండోది మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. వేడిని ఆపే శక్తి పదార్థంతో పాటు దాని మందం మీద కూడా ఆధారపడుతుంది. పెయింటు పొర అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. లెక్క చూడండి. మామూలు 120 మిల్లీమీటర్ల స్లాబు గుండా చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు సుమారు 3.5 వాట్ల వేడి దిగుతుంది. నివాస భవనాల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఇకో నివాస్ సంహిత దీన్ని 1.2కు మించనివ్వకూడదంటుంది. చిన్న ఇళ్లకు అది తప్పనిసరి కాకపోయినా కొలబద్దగా పనికొస్తుంది. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు) పలకలు వేస్తే ఆ 3.5 కాస్తా 0.6 దాకా పడిపోతుంది. సిరామిక్ పూసల గురించి వాళ్లు చెప్పేదంతా నిజమే అనుకున్నా, అర మిల్లీమీటరు పొర వల్ల 3.5 మహా అయితే 3.4 అవుతుంది. అమెరికాలో ఇలా పెయింటుకు ఇన్సులేషన్ గుణం ఉందని ప్రచారం చేసిన నాలుగు కంపెనీల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో కేసులు పెట్టింది. మన దగ్గర అదే మాట ఇంకా రంగురంగుల కరపత్రాల మీద అచ్చవుతోంది.

కాబట్టి నేను అడిగింది ఎండను తిప్పికొట్టే గుణం గురించి మాత్రమే. పరీక్షా నివేదిక ఇచ్చారు. అందులో సోలార్ రిఫ్లెక్టెన్స్ (ఎండలో ఎంత వంతు తిప్పికొడుతుందో), ఎమిటెన్స్ (తాగిన వేడిని ఎంత బాగా బయటికి వదులుతుందో) రెండూ ఉన్నాయి. వాణిజ్య భవనాల ఇంధన నియమావళి 2017 ప్రకారం చదునైన కూల్ రూఫ్‌కు మొదటిది కనీసం 0.60, రెండోది కనీసం 0.90 ఉండాలి. నివేదికలో అంతకన్నా బాగానే ఉన్నాయి. ఒక లీటరు నమూనా డబ్బా తెచ్చి డాబా మీద ఒక మూల పూయించాను. చిక్కగా ఉంది, గట్టిగా పట్టుకుంది, మధ్యాహ్నం చేయి ఆనిస్తే తేడా తెలిసింది. దాన్ని చూసే ఆర్డరు ఇచ్చాను. 20 లీటర్ల బకెట్లు ఐదు, పూసే పనివాళ్లు కూడా దుకాణం పంపినవాళ్లే.

వచ్చిన బకెట్లు వేరే సరుకు. బయట అదే పేరు, అదే బొమ్మ. లోపల పలచని ద్రవం. పని జరుగుతున్నప్పుడు అమ్మ డాబా ఎక్కి చూసి నాకు ఫోను చేసింది: “ఏరా, ఇది మజ్జిగ తేటలా ఉంది. పైగా అందులో కుళాయి నీళ్లు కలుపుతున్నారు. అడిగితే అలాగే కలపాలమ్మా అంటున్నారు.” నేను చేరేసరికి మూడు బకెట్లతో డాబా మొత్తం ముగించి, మిగిలిన రెండూ ఆటోలో ఎక్కిస్తున్నారు. అమ్మ గేటు దగ్గర నిలబడి కదలనివ్వలేదు. ఆ రెండు బకెట్లే ఇవాళ నా చేతిలో ఉన్న ముఖ్యమైన సాక్ష్యం. సీలు తీయకుండా అలాగే ఉంచాను.

లెక్క ప్రకారం ఏమి కావాలో చెబుతాను, ఎందుకంటే మోసం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. మా డాబా సుమారు 100 చదరపు మీటర్లు. ఆరిన పొర అర మిల్లీమీటరు ఉండాలని కంపెనీ పత్రంలోనే రాసి ఉంది. డబ్బాలో సగం ఘనపదార్థం, సగం నీరు అయితే లీటరుకు ఒక చదరపు మీటరు మాత్రమే పూయాలి. అంటే 100 లీటర్లు. ఐదు బకెట్లు అందుకే. మూడు బకెట్లలో నీళ్లు పోసి డాబా అంతా లాగితే వచ్చే పొర ఎంతో, తరువాత ఊడిన పెచ్చును స్క్రూ గేజ్‌తో కొలిచాను. 0.2 మిల్లీమీటర్లకు కూడా రాలేదు. మూడు బకెట్ల సరుకు సక్రమమైనదే అయితే 0.3 రావాలి. కలిపిన నీళ్లు ఎలాగూ ఆరిపోతాయి కాబట్టి ఈ తగ్గుదలకు అవి కారణం కాదు, సరుకులోనే తేడా ఉంది. నమూనా డబ్బాలో మిగిలినదాన్నీ, వాడిన బకెట్‌లో అడుగున నీళ్లు కలపకుండా మిగిలినదాన్నీ తూచి లీటరుకు ఎంతో లెక్కగట్టాను. మొదటిది 1.35 కిలోలు, రెండోది 1.1.

మే నెల వచ్చేసరికి డాబా మీద నల్లగుడ్డతో రుద్దితే తెల్లటి పొడి అంటుకోసాగింది. రాత్రి తొమ్మిదింటికి పడకగది కప్పు కిందివైపు 38 డిగ్రీలు ఉంది. పూత వేసిన తేడా ఏమీ కనిపించలేదు. తొలకరి వానలకు పూత కింద నీరు చేరి బుడగలు లేచాయి. శ్రావణం నాటికి పెచ్చులు ఊడి వాన గొట్టంలో అడ్డుపడి డాబా మీద నీళ్లు నిలిచాయి. నాన్న గదిలో మూలన చెమ్మ దిగింది. వేడి తగ్గించడానికి చేసిన పని ఇంటికి నష్టం తెచ్చింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

దుకాణం వాళ్లు ఏడేళ్ల వారంటీ కార్డు తిరగేసి చూపించారు. నీరు నిలిచే చోట వర్తించదు. పగుళ్లు ఉంటే వర్తించదు. కంపెనీ ఆమోదించిన పనివాళ్లు పూయకపోతే వర్తించదు. పూసింది మీరు పంపినవాళ్లే కదా అంటే, వాళ్లు వేరే, మేము వేరే అన్నారు. సరుకుకు జీఎస్‌టీ బిల్లు ఉంది. పనికి మాత్రం రసీదు పుస్తకంలో చిన్న కాగితం చింపి ఇచ్చారు, దాని మీద దుకాణం పేరు లేదు. సరుకు, పని రెండూ ఒకే బిల్లులో ఉండాలని పట్టుబట్టండి. ఒప్పుకోకపోతే ఇంకో చోటికి వెళ్లండి. దీని గురించి అంతకన్నా చెప్పాల్సింది లేదు.

నివేదిక విషయంలో ఇంకో తిరకాసు ఉంది. మాకిచ్చిన నివేదిక నకిలీ కాదు. కానీ అది ఎప్పుడో ఒక నమూనాకు చేసిన పరీక్ష. దాని మీద బ్యాచ్ నంబరు లేదు, నా బకెట్ల మీద ఉన్న నంబరుతో దాన్ని కలిపే ఆధారమేదీ లేదు. మీరు కొనేటప్పుడు నివేదిక తేదీ, ఏ ఉత్పత్తికి చేశారు, కొత్త పొరకా లేక కొన్నేళ్లు ఎండావానల్లో ఉన్న పొరకా అన్నది అడగండి. తెల్లని పూత దుమ్ము పట్టి రిఫ్లెక్టెన్స్ కోల్పోవడం సహజం. పాతబడిన పొర అంకె చెప్పలేని కంపెనీ కొత్త అంకె ఎంత గొప్పగా చెప్పినా ప్రయోజనం లేదు. ‘15 డిగ్రీల తగ్గుదల’ అన్నప్పుడు అది డాబా పైభాగమా, కప్పు కిందివైపా, గది గాలా, ఏ గంటకు, దేనితో పోల్చి అని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పైభాగంలో, మధ్యాహ్నం, నల్లబడిన సిమెంటుతో పోలిస్తే ఆ తేడా నిజంగానే ఉంటుంది. దాన్నే గది గాలికి అంటగట్టి చెబుతారు.

బకెట్లు దిగగానే కాటా మీద పెట్టండి. కంపెనీ సాంకేతిక పత్రంలో సాంద్రత, అంటే లీటరుకు ఎన్ని కిలోలో, ఉంటుంది. దాన్ని 20తో గుణించి, బకెట్ బరువు కలిపితే ఎంత తూగాలో వస్తుంది. ప్రతి బకెట్ నుంచి ఒక గాజు సీసాలో కొంచెం తీసి, పంపిన మనిషి సంతకంతో చీటీ అతికించి దాచండి. నీళ్లు కలపవచ్చా, ఎంత కలపాలి అన్నది పత్రంలోనే ఉంటుంది. పనివాళ్ల నోటి మాట వద్దు.

ఇప్పుడు మా డాబా పూత మొత్తం గీకించేశాను. వాటం సరిచేసి, నీరు దిగకుండా చేయించి, పైన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలకలు, వాటి మీద సిమెంటు పొర, ఆపైన తెల్ల పింగాణీ టైల్స్ ముక్కలు పరిపించాను. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. ఎక్స్‌పీఎస్ పేరుతో మామూలు థర్మోకోల్ అంటగడుతున్నారు. 1.25 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న మంచి పలక 1.2 కిలోల దాకా తూగుతుంది. అందులో సగం బరువుంటే వెనక్కి పంపేయండి. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఏటా ఉగాదికి ముందు డాబా కడిగి, మంచి సున్నంలో జిగురు కలిపి రెండు మార్లు వేయించుకోండి. నీళ్లు కలిపిన ఖరీదైన పెయింటు కంటే అది మీకు ఎన్నో రెట్లు మేలు.

ఇప్పటికే ఇలా నష్టపోయినవాళ్లు ఊరుకోకండి. ముందు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేయవచ్చు, దుకాణం ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. సరుకు నాసిరకమని మీరంటే, కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపించగలదు. అందుకే నేను ఆ రెండు బకెట్లనూ, తూచిన నమూనాలనూ బీరువా పక్కన పెట్టుకున్నాను.

ఖాళీ అయిన బకెట్లను చాలామంది కడిగి స్నానాల గదిలో వాడుకుంటారు, లేదా పాత సామాన్ల వాళ్లకు వేసేస్తారు. వాటి మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ముద్ర నీళ్లకు చెరిగిపోతుంది. కడగకముందే ప్రతి బకెట్‌నూ నాలుగు వైపులా ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచండి.