మగకుక్కకు ఆపరేషనా, శిక్షణా? ప్రవర్తన మారాలంటే ఏది మేలు?

"ఆపరేషన్ చేయించండి, కుక్క నెమ్మదిస్తుంది" అన్న సలహా కుక్కను పెంచేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అందులో నిజం సగమే. వృషణాలు తీసేస్తే ఒంట్లో టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ఆ హార్మోను చేయించే పనులు తగ్గుతాయి. దానితో సంబంధం లేనివి తగ్గవు, కొన్ని కుక్కల్లో ఇంకా పెరుగుతాయి కూడా. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక వారం పాటు కాగితం మీద రాసి పెట్టుకోండి: మీకు ఇబ్బంది కలిగించే పని ఏమిటి, ఎప్పుడు చేస్తోంది, ఎవరి మీద చేస్తోంది. ఏ దారి పట్టాలో సగం ఆ కాగితమే చెబుతుంది.

ఆపరేషన్ బాగా పనిచేసేవి మూడు: ఇల్లు వదిలి తిరగడం, కనిపించిన ప్రతిచోటా కాలెత్తి మూత్రం పోయడం, మనుషుల కాళ్లనూ దిండ్లనూ పట్టుకుని ఎక్కడం. చిత్తకార్తె రోజుల్లో వీధిలో ఆడకుక్కలు ఎదకొస్తే ఇంట్లో మగకుక్క తిండి మానేసి, రాత్రంతా ఊళలు పెట్టి, గేటు సందు దొరికితే పరుగు తీస్తుంది. బండ్ల కింద పడటం, కొట్లాటల్లో చెవులు చీలడం, జతకట్టడం వల్ల అంటుకునే టీవీటీ గడ్డలు (జననాంగాల దగ్గర పుట్టే ఒక రకం క్యాన్సర్), అన్నీ ఆ పరుగుతోనే వస్తాయి. అమెరికాలో 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో 57 మగకుక్కలను గమనించారు. ఈ మూడు అలవాట్లలో 60 శాతానికి పైగా కుక్కల్లో సమస్య కనీసం సగం తగ్గింది. దాదాపు పూర్తిగా పోయింది మాత్రం 25 నుంచి 40 శాతం కుక్కల్లోనే. అలవాటు ఎంత పాతదైనా, కుక్క వయసెంతైనా ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. ఐదేళ్ల కుక్కకు ఇంక లాభం లేదనుకోనక్కర్లేదు.

కరవడం, మీద పడటం సంగతి వేరు. అదే అధ్యయనంలో దూకుడు సగానికి తగ్గినవి 35 శాతం లోపే. కొత్తవాళ్ల మీద దూకుడులో, వస్తువులంటే భయంలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొరియర్ అబ్బాయిని చూసి మొరిగే కుక్కను ఒక్కసారి దగ్గరగా గమనించండి. తోక కాళ్ల మధ్యకు పోయి, చెవులు వెనక్కి వాలి, ఒంటి బరువంతా వెనక కాళ్ల మీద ఉండి, కంటి తెల్లగుడ్డు పక్కకు కనిపిస్తుంటే అది భయం. అలాంటి కుక్కకు ఆపరేషన్ మందు కాదు. ఆ హార్మోను ఇచ్చే కాస్త ధైర్యం కూడా పోయి, భయం ఎక్కువైన కుక్కలున్నాయి. తోక నిటారుగా లేచి, ఒళ్లు బిగిసి, మగకుక్కల మీదికి మాత్రమే ఎగబడుతూ ఆడకుక్కల జోలికి పోనిదైతే ఆపరేషన్‌తో కొంత ఆశ ఉంది. అన్నం గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమనడం, చెప్పులు కొరకడం, ఒంటరిగా వదిలితే అరవడం, ఇల్లంతా గెంతడం, వీటికి వృషణాలతో పని లేదు.

శిక్షణతో ఏమేం దారికొస్తాయి? మూత్రపు గుర్తులకైతే ముందు వాసన పోవాలి. ఫినాయిల్ ఆ వాసనను కప్పుతుందే గానీ తీసేయదు. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్‌ను చోటు బాగా తడిసేలా పోసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి తుడవాలి. అమోనియా ఉన్నవి వాడొద్దు, అవి మూత్రంలాగే వాసనేస్తాయి. ఎక్కే అలవాటుకు తిట్లు పనిచేయవు. మొదలుపెట్టబోతుండగానే పిలిచి "కూర్చో" అనాలి, కూర్చోగానే తిండిముక్క ఇవ్వాలి. గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కకు, అది ఊరుకునే దూరంలోనే ఆగి ఉడికించిన చికెన్ ముక్క విసిరి వెళ్లిపోవాలి. రోజులు గడిచేకొద్దీ ఒక్కో అడుగు దగ్గరవ్వాలి. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది. ఇదంతా ఓపిక పని, ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేస్తేనే ఫలితం. కానీ ఎదకొచ్చిన ఆడకుక్క వాసన తగిలిన మగకుక్క ముందు ఏ శిక్షణా నిలవదు. ఆపరేషన్ చేయించకపోతే ఎత్తైన గేటు, తెగని తాడే దిక్కు.

ఆపరేషన్‌కూ శిక్షణకూ నడుమ మూడో దారి ఉంది: డెస్లోరెలిన్ ఇంప్లాంట్, అంటే నెమ్మదిగా మందు వదిలే చిన్న కడ్డీ. భుజాల మధ్య చర్మం కింద పెడతారు. 4.7 మిల్లీగ్రాములది దాదాపు ఆరు నెలలు, 9.4 మిల్లీగ్రాములది ఏడాది పాటు హార్మోనును అణచి ఉంచుతుంది. మొదటి రెండు వారాల్లో హార్మోను తగ్గకపోగా పెరుగుతుంది, అల్లరి ఎక్కువైతే బెదరొద్దు. అసలు ఫలితం ఆరు వారాల తర్వాతే. ప్రతి క్లినిక్‌లోనూ ఉండదు, ముందే అడగాలి. ఆపరేషన్ చేయిస్తే తమ కుక్క ఎలా ఉంటుందో చూసుకోవాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా పిరికి కుక్కలున్నవాళ్లకు దీన్నే ముందు చూడమంటాం. వాసెక్టమీ అయితే పిల్లలు పుట్టకుండా చేస్తుందంతే, హార్మోను అలాగే ఉంటుంది కనుక ప్రవర్తన మారదు.

వయసు విషయంలో తొందర వద్దు. పెద్దయ్యాక 20 కిలోల లోపు ఉండే జాతులకు ఆరు నెలలు దాటాక చేయించవచ్చు. పెద్ద జాతులకు ఎదుగుదల ఆగాక, అంటే 9 నుంచి 15 నెలల మధ్య. ఎదుగుదల ఆగకముందే హార్మోను పోతే ఎముకల చివర్లలో ఎదిగే భాగాలు ఆలస్యంగా గట్టిపడతాయి, కీళ్లు దెబ్బతినవచ్చు. ఏడాదిలోపు ఆపరేషన్ అయిన గోల్డెన్ రిట్రీవర్ మగకుక్కల్లో తుంటి కీలు జబ్బు రెట్టింపు కనిపించిందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2013లో చెప్పారు. జర్మన్ షెపర్డ్‌కు రెండేళ్లు నిండేదాకా ఆగడం మంచిది. ఒక వృషణం కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోయిన కుక్క విషయంలో మాత్రం ప్రవర్తనతో పని లేకుండా ఆపరేషన్ తప్పనిసరి. ఆ వృషణానికి క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ.

ఆపరేషన్‌కు సిద్ధపడితే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తప్పక చూడమనండి. మన ఊళ్లలో గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఎక్కువ, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే కోతలో రక్తం ఆగదు. పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు గొంతులో గొట్టం వేసి ఆక్సిజన్ ఇచ్చే ఏర్పాటున్న చోటే చేయించాలి. ఇంటికొచ్చాక 10 నుంచి 14 రోజులు మెడకు కోన్ (గాయం నాకకుండా పెట్టే గరాటు లాంటి పట్టీ) తీయొద్దు, స్నానం వద్దు, మెట్లు ఎక్కించొద్దు. గెంతులేస్తే వృషణాల సంచిలో రక్తం చేరి నిమ్మకాయంత వాపు వస్తుంది. మనుషులు వాడే ఐబుప్రొఫెన్ వేశారో, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి. తిండిని 20 నుంచి 25 శాతం తగ్గించండి. ఆపరేషన్ తర్వాత ఆకలి పెరుగుతుంది గానీ ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది, పాత కొలతే పెడుతుంటే ఒళ్లు చేస్తాయి. మొదటి నెలన్నర ఆడకుక్క దగ్గరికి వదలొద్దు. మిగిలి ఉన్న వీర్యంతో ఇంకా కడుపు చేయగలదు.

హార్మోను కొద్ది రోజుల్లోనే పడిపోయినా, అలవాటు తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆరు నెలలు గడిచినా గేటు దూకడం ఆగలేదంటే అది జోడు కోసం కాక, ఇంట్లో తోచక పోవడం కావచ్చు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరగంట తక్కువ కాకుండా వాసన చూసుకుంటూ తిరగనివ్వండి, గేటు ఎత్తు పెంచండి.