టెక్సాస్‌లో కన్జర్వేటివ్ అభ్యర్థికి ఏది మేలు: హౌస్ సీటా, సెనేట్ సీటా?

టెక్సాస్ చట్టసభకు రిపబ్లికన్‌గా పోటీ చేయాలంటే బీ-ఫారం కోసం ఎవరి గుమ్మం దగ్గరా పడిగాపులు కాయక్కర్లేదు. దిగువ సభ హౌస్‌కైతే 750 డాలర్లు, ఎగువ సభ సెనేట్‌కైతే 1,250 డాలర్లు కట్టి దరఖాస్తు ఇస్తే ప్రైమరీ బ్యాలెట్‌లో పేరు ఎక్కుతుంది. పార్టీ అభ్యర్థి ఎవరో మార్చిలో ఓటర్లే తేలుస్తారు. తేల్చుకోవాల్సిందల్లా ఏ సభకు పోటీ చేయాలన్నదే.

సెనేట్ అనగానే మన శాసన మండలిని ఊహించుకోకండి. ఉన్నవి 31 సీట్లే, ఒక్కో సీటు కింద సుమారు 9.4 లక్షల జనం. వాషింగ్టన్ వెళ్లే కాంగ్రెస్ సభ్యుడి నియోజకవర్గం కూడా ఇంతకన్నా చిన్నదే. హౌస్‌లో 150 సీట్లు, ఒక్కోదానికి 1.94 లక్షల మంది. మన ఎమ్మెల్యే నియోజకవర్గాల కన్నా తక్కువే అనుకోవచ్చు.

ప్రచారంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. హౌస్ సీటుకు చేతిలో కరపత్రాలు పట్టుకుని వీధి వీధీ తిరగొచ్చు. డాలస్ శివారు ఫ్రిస్కోలాంటి చోట సగం ఇళ్లలో తలుపు తీయరు, డోర్‌బెల్ కెమెరాలోంచే మాట్లాడతారు. అయినా పేరు చెప్పి, ప్రాపర్టీ ట్యాక్స్ గురించి రెండు ముక్కలు మాట్లాడితే గుర్తుంటుంది. ముందస్తు పోలింగ్ రోజుల్లో కేంద్రం గుమ్మానికి 100 అడుగుల అవతల నిలబడి వచ్చేవాళ్లను పలకరించొచ్చు. సెనేట్‌కు ఇది చాలదు. టీవీ, పోస్టులో వెళ్లే కరపత్రాలు, జీతాల మీద పనిచేసే టీమ్ కావాలి. పైగా చట్టసభ పోటీల్లో వ్యక్తులిచ్చే విరాళాలకు టెక్సాస్‌లో పరిమితి లేదు. ఎదుటివాడికి ఒక్క కోటీశ్వరుడి అండ దొరికితే విందులు పెట్టి మీరు పోగేసిన నిధి ఏమూలకూ రాదు.

హౌస్‌లో ఒక్క ఓటుకు ఉన్న విలువ 2023లో బాగా కనిపించింది. ప్రైవేటు స్కూలు ఫీజులకు ప్రభుత్వ సొమ్మిచ్చే వోచర్ల పథకం సెనేట్‌లో సులువుగానే గట్టెక్కేది. హౌస్‌లో మాత్రం 21 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి 84-63 ఓట్లతో దాన్ని పక్కన పడేశారు. గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ 2024 ప్రైమరీల్లో వాళ్ల మీదకు పోటీదారులను నిలబెట్టి, చాలామందిని ఇంటికి పంపారు. 2025లో 100 కోట్ల డాలర్ల పథకం చట్టమైంది. రిపబ్లికన్లకు పట్టున్న సీట్లలో అసలు ఎన్నిక ప్రైమరీయే. అక్కడ ‘నీకన్నా నేనే నికార్సైన కన్జర్వేటివ్‌ని’ అన్న పందెం నడుస్తుంది. ఆనాటి స్పీకర్ డేడ్ ఫీలన్ అంతటివాడే 2024 మేలో రన్‌ఆఫ్‌లో (ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే జరిగే రెండో పోలింగ్‌లో) 400 ఓట్ల లోపు తేడాతో బయటపడ్డారు.

గెలిచాక మాత్రం సెనేటే హాయి. పదవీకాలం మామూలుగా నాలుగేళ్లు. హౌస్‌లో రెండేళ్లే, ప్రమాణం చేసిన ఏడాదికే మళ్లీ ప్రైమరీ టెన్షన్. అయితే సెనేట్‌ను నడిపేది రాష్ట్ర ఓటర్లంతా కలిసి ఎన్నుకునే లెఫ్టినెంట్ గవర్నర్. 2015 నుంచి ఆ కుర్చీలో ఉన్న డాన్ పాట్రిక్ చేతిలోనే కమిటీలన్నీ. ఆయన మాట కాదంటే ఆ నాలుగేళ్లూ వెనక బెంచీలోనే గడపాలి. హౌస్‌లో స్పీకర్‌ను సభ్యులే ఎన్నుకుంటారు కాబట్టి కొత్త సభ్యుడికీ బేరం ఉంటుంది.

జీతం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రెండింటికీ నెలకు 600 డాలర్లు, సభ జరిగే రోజుల్లో భత్యం. బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులు ఆస్టిన్‌లో ఉండాలి. ఐటీ ఉద్యోగంలో అంత సెలవెవరిస్తారు? ఈ విషయంలో సొంత వ్యాపారం ఉన్నవాళ్లు, డాక్టర్లు, లాయర్లు నయం.

ఏ సభకైనా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్‌కార్డు చాలదు. నియోజకవర్గంలో ఏడాది నివాసం ఉండాలి. రాష్ట్రంలో హౌస్‌కు రెండేళ్లు, సెనేట్‌కు ఐదేళ్లు. డాలస్ శివార్లలో స్థిరపడి, మొదటిసారి బరిలో దిగే తెలుగు కన్జర్వేటివ్ అడిగితే నేను హౌస్ అనే చెబుతాను, అదీ సిట్టింగ్ సభ్యుడు తప్పుకున్న సీటైతేనే. పేరూ డబ్బూ ముందే ఉండి, పాట్రిక్ మద్దతు కూడా ఖాయమైనవాళ్లు సెనేట్‌కు వెళ్లొచ్చు. అలాంటివాళ్లకు నా సలహా ఎలాగూ అక్కర్లేదు.