నిజ్నీ చలిలో పాత గ్రాండ్ చెరోకీ: హీటర్ కోసమే ఉంచుకున్నాను

రష్యాలో పాత అమెరికా బండి అనగానే అందరూ ముందు పెట్రోలు ఖర్చు గురించే అడుగుతారు. నేను మాత్రం హీటర్ దగ్గర మొదలుపెడతాను. నాది 2003 జీప్ గ్రాండ్ చెరోకీ, నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. నిజ్నీ నోవ్‌గొరోద్‌లో మెడిసిన్ చదివి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

ఖమ్మం ఎండల్లో పెరిగినవాణ్ణి. జనవరి ఉదయం మైనస్ ఇరవై ఐదులో బండెక్కితే నాకు కావలసింది ఒక్కటే, వేడిగాలి. ఈ ఇంజిన్ బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఒకసారి కాగిందంటే తొందరగా చల్లారదు. పది నిమిషాలు నడిపితే చాలు, కోటు విప్పి షర్టు మీద కూర్చోవచ్చు. మా హాస్పిటల్లో వాళ్ల కొత్త చిన్న కార్లలో చాలాసార్లు వెళ్లాను. ఇంత వేడి ఎక్కడా చూడలేదు.

అంత నమ్ముకున్న హీటరే దారి మధ్యలో చేతులెత్తేసింది. కజాన్‌లో మిత్రుల ఇంటికి సంక్రాంతికి బయల్దేరాం. ఎం-7 హైవే మీద చెబొక్సారి దాటాక, బయట మైనస్ 28 ఉండగా మా ఆవిడ, "ఏమండీ, నా వైపు చల్లగాలి వస్తోందేంటి?" అంది. చెయ్యి పెట్టి చూస్తే నిజమే. నా వైపు నిప్పులాంటి గాలి, తన వైపు ఐసు. డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో టక్ టక్‌మని చప్పుడు. కాసేపటికి ముందు అద్దం కుడి సగం లోపలివైపు నుంచి మంచు పట్టింది. తను వెనక సీట్లో నా వెనకకి మారి, పిల్లవాణ్ణి దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నేను పెట్రోల్ బంకు కనబడినచోటల్లా ఆగి అద్దం గీక్కుంటూ నడిపాను. కజాన్ చేరేదాకా పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇది ఈ మోడల్ పుట్టుకతో వచ్చిన జబ్బని తర్వాత తెలిసింది. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ (పెట్టిన వేడిని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు) ఉన్న బండ్లలో రెండు వైపులా వేడి వేరువేరుగా పెట్టుకోవచ్చు. ఇంజిన్ వేడినీళ్లు పారే చిన్న రేడియేటర్ మీదుగా ఎంత గాలి పోవాలో ఒక్కో వైపు ఒక్కో ఫ్లాప్, అంటే తలుపులాంటి పలక, తిరిగి నిర్ణయిస్తుంది. ఆ ఫ్లాప్ ప్లాస్టిక్‌ది. చిన్న మోటారు ఏళ్ల తరబడి దాన్ని అటూ ఇటూ చివరిదాకా నెట్టీ నెట్టీ ఇరుసు దగ్గర విరిచేస్తుంది. అంత గట్టి ఇంజిన్ చేసినవాళ్లు ఈ ఒక్క ముక్క దగ్గర ఎందుకు పీనాసితనం చూపించారో అని ఇప్పటికీ నాకు కోపమే.

పద్ధతి ప్రకారం చేయాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, కూలెంట్ దించాలి, ఏసీ గ్యాస్ తీయాలి. ఒక పెద్ద సర్వీస్ సెంటర్ చెప్పిన రేటు బండి ఖరీదులో మూడో వంతుంది. చివరికి మా గ్యారేజీల వరసలో ఉన్న ఒక పెద్దాయన చేశాడు. గ్లవ్ బాక్స్ తీసి, లోపలి ప్లాస్టిక్ పెట్టెకి కిటికీలా కోసి, విరిగిన ముక్కలు లాగేశాడు. అల్యూమినియం రేకుతో రెండు వైపులకీ ఫ్లాపులు కోసి బిగించాడు. కోసినచోట ఫాయిల్ టేపుతో మూసేశాడు. అప్పటినుంచి వాటి జోలికి వెళ్లాల్సిన పని పడలేదు.

పది నిమిషాల్లో వేడెక్కుతుందని పైన రాసింది ఎల్పీజీ పెట్టించకముందు మాట. శీతాకాలం ఊళ్లో వంద కిలోమీటర్లకి ఇరవై లీటర్ల దాకా తాగుతుంది కాబట్టి గ్యాస్ తప్పలేదు. ద్రవంగా ఉన్న ఎల్పీజీని ఆవిరిగా మార్చే గ్యాస్ రిడ్యూసర్ కూడా హీటర్‌కి వెళ్లే వేడినీళ్లనే వాడుకుంటుంది. అందుకని ఇప్పుడు ఇంకాస్త ఆగాలి. ఎర్ర సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు నిలబడితే గాలి గోరువెచ్చన అవుతుంది. అయినా నా మనసు మారలేదు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో 87 ఆక్టేన్ అని రాసే పెట్రోలు ఇక్కడి 92కి దగ్గర, కాబట్టి 95 అక్కర్లేదు. అమెరికా రేడియో కాబట్టి సరి అంకెతో ముగిసే ఎఫ్ఎం స్టేషన్లు పట్టవు. వెనక ఎర్ర ఇండికేటర్లు తనిఖీలో ఒప్పుకోరు, నారింజ రంగువి పెట్టించాలి. రవాణా పన్ను హార్స్‌పవర్ మీద, పవర్ పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. అందుకే ఎనిమిది సిలిండర్ల వి-ఎయిట్ ఇంజిన్ జోలికి పోలేదు. ఈ ఊరి గాజ్ ఫ్యాక్టరీ 1932లో ఫోర్డ్ నమూనాలతోనే మొదలైంది, కానీ షెడ్లలో ఈ బండికి కావలసిన అంగుళాల పానాలు అరుదు. అర అంగుళం బోల్టుకి 13 మిల్లీమీటర్ల పానా పెట్టి తిప్పితే తల గుండ్రమైపోతుంది. సొంత సెట్టు కొనుక్కోండి. 2022 తర్వాత విడిభాగాలు దుబాయ్, కజకిస్తాన్ మీదుగా తిరిగి వస్తున్నాయి, ఆలస్యం తప్పదు.

నాకు హాస్పిటల్ నడిచి వెళ్లేంత దగ్గర, ఆ పెద్దాయన గ్యారేజీ పక్కనే. బండి వారం మూలనపడ్డా పని ఆగదు. ఈ వీలు లేనివాళ్లకి, రోజూ దీంట్లోనే డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లకి కొనమని చెప్పను. కొనేవాళ్లు ఇంజిన్ బాగా కాగనిచ్చి, ఎడమవైపు పూర్తి వేడి, కుడివైపు పూర్తి చల్లన పెట్టి, రెండు గాలులూ చేత్తో చూడండి. తర్వాత తిరగేసి మళ్లీ చూడండి. తేడా రాకపోతే ఆ రిపేరు ఖర్చు తగ్గించి బేరమాడండి.