కోఫా కొండల్లో తాటిచెట్లకని వెళ్తే దొరికిన పసుపు కొమ్మ

ఫిబ్రవరిలో అమ్మానాన్న అనంతపురం నుంచి వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్‌లో మంచు, చలి, అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని అరిజోనాలో మేముండే చాండ్లర్ నుంచి ఐ-10 హైవే పట్టుకుని పడమటికి కోఫా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కి, అంటే అభయారణ్యానికి, పోయాం. కోఫా అంటే ఏదో ఊరి పేరనుకున్నా, "కింగ్ ఆఫ్ అరిజోనా" అనే పాత బంగారు గని పేరుని పొట్టి చేస్తే అట్లా అయిందంట.

దారిలో క్వార్ట్‌సైట్ అనే ఊళ్ళో ఒక రాత్రి ఉన్నాం, అదే తప్పు. చలికాలం ఆర్వీల (ఇల్లులాంటి బళ్ళ) వాళ్ళతో ఊరంతా కిటకిట, మోటల్‌లో రేటు చూస్తే సిటీ రేటు, షవర్‌లో నీళ్ళు చూస్తే గోరువెచ్చన కూడా కాదు, అడిగితే "కాసేపు ఆగండి" అన్నారు, తెల్లారేదాకా ఆగాం. రెండో రాత్రి యూమాలో దిగాం, దూరం ఎక్కువైనా పెద్దవాళ్ళతో అయితే అదే నయం. క్వార్ట్‌సైట్‌లో చూడాల్సింది ఒక్కటే, 1850ల్లో అమెరికా ఆర్మీ తెప్పించిన ఒంటెలతో పాటు వాటిని చూసుకోడానికి వచ్చిన హాజీ అలీ సమాధి, రాళ్ళ పిరమిడ్ మీద ఒంటె బొమ్మ.

క్వార్ట్‌సైట్ నుంచి హైవే 95 మీద దక్షిణానికి 18 మైళ్ళు, తర్వాత తాటిచెట్లుండే పామ్ కాన్యన్ లోయకి ఏడెనిమిది మైళ్ళు మట్టిరోడ్డు. మామూలు కారు పోతుంది, కానీ గతుకులు గతుకులే. లోపల నీళ్ళుండవు, మాకు సిగ్నల్ కూడా రాలేదు, పెట్రోలు, నీళ్ళు, పులిహోర అన్నీ ముందే పెట్టుకోవాలి. టికెట్ మాత్రం లేదు. కాలిబాట అర మైలే గానీ అంతా రాళ్ళు. ఉత్తరం గోడ చీలికలో ఫ్యాన్ పామ్‌లు (విసనకర్రల్లాంటి ఆకుల తాటిజాతి చెట్లు) కనిపిస్తాయి, వాటి మీద ఎండ పడేది మధ్యాహ్నం కాసేపే, పొద్దున్నే పోతే ఫోటోలు దండగ. నాన్న ఒక్కసారి తలెత్తి "దీనికా ఇంత దూరం, మన తాటిచెట్లు దీనికన్నా బాగుంటాయి కదరా" అన్నాడు.

నాకు నచ్చింది ఆ చెట్లు కాదు, నీడలో బండల సందున ఉన్న ఒక పొద. ఒక్కో కాడకి మూడు ఆకులు, అంచులన్నీ ముళ్ళు, గట్టిగా రేకుముక్కల్లా ఉన్నాయి, మధ్యలో చిన్న చిన్న పసుపు పూల గుత్తులు. ఆ ముళ్ళు అమ్మ చీర కొంగు పట్టేసుకున్నాయి, విడిపించడానికి పది నిమిషాలు. కోఫా బార్బెర్రీ అంట, ఈ కొండలు, ఆజో కొండలు, కాలిఫోర్నియాలో విప్పుల్ కొండలు, ఇట్లా కొన్ని చోట్లే దాని ప్రపంచం. పైనుంచి రాయి పడిందేమో ఒక కొమ్మ విరిగి వేలాడుతోంది, లోపల చెక్క పచ్చిపసుపు కొమ్ము విరిచినంత పసుపు. నాన్న చూడగానే "దారుహరిద్ర చుట్టమేరా ఇది" అన్నాడు. నిజమే, మన ఆయుర్వేదం కొట్లో దొరికే ఆ హిమాలయాల చెక్కదీ దీనిదీ ఒకే కుటుంబం, రెండింటికీ ఆ రంగు బెర్బెరిన్ అనే పదార్థం వల్లే.

రెఫ్యూజ్‌లో ఆకు కూడా కోయకూడదు, చూసి వచ్చేయడమే. యూమాలో సిగ్నల్ రాగానే అమ్మ ఆ కొమ్మ ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది, రెండు నిమిషాల్లో పెద్దమ్మ మెసేజ్: "ఎట్లాగూ విరిగిందే కదే, ఓ ముక్క తేవచ్చు కదా".