పాస్‌వర్డ్ పోయింది సరే, ఆకుపచ్చ ఫైళ్ల సంగతేంటి?

ఆరేళ్లుగా నా తాళాల గుత్తికి ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. అందులో ఉన్నది పెటర్ నార్డాల్-హాగెన్ రాసిన సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ (chntpw), మర్చిపోయిన విండోస్ పాస్‌వర్డ్‌ని చెరిపేసే ప్రోగ్రామ్. 2014 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా మా చుట్టాల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయిన ప్రతివాళ్లకీ నేను గుర్తొచ్చేది దీని వల్లే.

పెన్‌డ్రైవ్ నుంచి సిస్టమ్ ఆన్ చేసి, అది అడిగిన ప్రతిదానికీ ఎంటర్ కొట్టుకుంటూ పోయి, 1 నొక్కి పాస్‌వర్డ్ ఖాళీ చేయడమే పని. ఆఖర్న మార్పులు రాయమంటావా అని అడుగుతుంది. అక్కడ ఎంటర్ కొడితే వద్దన్నట్టు, వై నొక్కాలి. మొదటిసారి ఆ ఊపులోనే ఎంటర్ కొట్టేసి మళ్లీ మొదటికొచ్చాను. తెర మీద రాసే ఉంది, నేనే చదవలేదు.

మూడేళ్ల కిందట తెనాలిలో బాబాయ్ ఎరువుల కొట్లో సిస్టమ్ ఇలాగే మొరాయించింది. విండోస్ 7 ప్రొఫెషనల్. పది నిమిషాల్లో తెరుచుకుంది. బాబాయ్ పక్క కొట్టాయన్ని పిలిచి మరీ చూపించాడు. తర్వాత ఖాతాల ఫోల్డర్ తెరిచాడు. పేర్లన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. ఏది నొక్కినా యాక్సెస్ డినైడ్.

ఆ రంగుంటే ఎన్‌క్రిప్ట్ అయినట్టు, అంటే ఫైళ్లకి తాళం పడినట్టు. ఎవరో సర్వీసు కుర్రాడు సేఫ్టీకని ఆ టిక్కు పెట్టి వెళ్లాడట. ఆ తాళం పాత పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. పాస్‌వర్డ్‌ని బయటనుంచి చెరిపేస్తే అకౌంట్ తెరుచుకుంటుంది గానీ ఫైళ్లు తెరుచుకోవు. అప్పుడు పనికొచ్చేది ముందే దాచుకున్న తాళంచెవి, అంటే సర్టిఫికెట్ బ్యాకప్. "సర్టిఫికెట్ బ్యాకప్ ఏమైనా ఉందా బాబాయ్?" అంటే "ఏ సర్టిఫికెట్‌రా, కులందా ఆదాయందా?" అన్నాడు.

రెండు రోజులు నాకు ఒకటే టెన్షన్. పాత పాస్‌వర్డే మళ్లీ పెడితే ఫైళ్లు తెరుచుకుంటాయని మైక్రోసాఫ్ట్ సూచనల్లో చదివాను గానీ, అదే కదా గుర్తులేనిది. మూడో రోజు పొద్దున్నే ఫోను. "ఒరేయ్, నా పాత లూనా బండి నంబరురా అది!" అదే పెట్టించి, లాగాఫ్ చేసి మళ్లీ లాగిన్ అవమన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గట్టిగా చదవడం మొదలుపెట్టాడు, ఎవరు ఎంత బాకీనో.

కొత్త ల్యాప్‌టాప్‌లకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికీ విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ లేనిదే డిస్క్ తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఆన్‌లైన్లో మార్చుకోవడమే మేలు. మా చుట్టాల ఇళ్లల్లో ఇంకా పాత డెస్క్‌టాప్‌లు నడుస్తున్నాయి కాబట్టి నాకు పనికొస్తోంది. పది నిమిషాల పనే అని గొప్పలు చెప్పడం మాత్రం మానేశాను. పెన్‌డ్రైవ్ పెట్టే ముందు ఆకుపచ్చ పేర్లు ఎక్కడైనా చూశారా అని అడుగుతున్నాను. చాలామంది నా వంక అదోలా చూస్తారు.