పేరు వేయాలా, ‘విశ్వసనీయ వర్గాలు’ అనాలా?

రేషన్ బియ్యం పక్కదారి పడుతున్నాయని గోడౌన్ హమాలీ ఒకతను విలేకరులమైన మనకు చెప్పాడనుకోండి. వార్తలో అతని పేరు వేయాలా?

వేస్తే: పాఠకుడు నమ్ముతాడు, డెస్క్ (వార్తలు సరిచూసే ఎడిటర్లు) నుంచి ప్రశ్నలు తగ్గుతాయి. కానీ మర్నాడు కూలి పోయేది అతనికే, మనకు కాదు.

దాస్తే: అతను సేఫ్. పని మనకు పెరుగుతుంది. లారీ నంబరు, తూకం చీటీ, ఇంకో మనిషి మాట, అన్నీ సంపాదించాలి. పరువు నష్టం నోటీసు వస్తే టెన్షన్ మనదే. సోర్స్ (సమాచారం ఇచ్చిన మనిషి) ఎవరో చెప్పమని, పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్ బలవంతపెట్టడానికి వీల్లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని 15వ సెక్షన్‌లో ఆ రక్షణ ఉంది. కోర్టులకు మాత్రం అది వర్తించదు.

హమాలీ అయితే దాచడమే నయం. ప్రత్యర్థి మీద చెవిలో ఊదే నాయకుడైతే పేరు ఉండాల్సిందే. ఒప్పుకోడా, ఆ వార్త వదిలేయండి.