లెయిత్‌లో దాచడమా, కళ్లంలోనే అమ్మడమా: సుందా రైతుకు ఏది మేలు?

ఇండోనేషియాలో పశ్చిమ జావాలోని సుందా రైతు పంట కోసి కళ్లంలోనే వడ్లు అమ్మేసి, తర్వాత బియ్యం కొనుక్కోవచ్చు. లేదంటే హలిమూన్ కొండల్లోని చిప్తగెలార్ వాళ్లలా ఏడాదికి ఒకే పంట వేసి, లెయిత్‌లో దాచుకుని తినవచ్చు.

లెయిత్ అంటే కాళ్ల మీద నిలబెట్టిన గాదె. వెదురు తడికల గోడలు, పైన నార కప్పు, చూరు దగ్గర చిన్న తలుపు. సుందా వాళ్లలోనే ఒక తెగ అయిన బాదుయ్‌ల ఊళ్లలో కొన్నిటికి ఎలుకలు ఎక్కకుండా స్తంభాలకు గుండ్రటి చెక్క బిళ్లలు కూడా ఉంటాయి. లోపల వడ్లు పోయరు. కంకులనే కట్టలు కట్టి, ఎండబెట్టి పేరుస్తారు.

చిప్తగెలార్ వాళ్లకు వరి సరుకు కాదు, న్యీ పోహాచి అనే వరి తల్లి. అందుకే కొడవలి పట్టరు. అమ్మ బెదిరిపోకూడదని అరచేతిలో దాగే చిన్న కత్తితో ఒక్కో కంకీ కోస్తారు. సెరెన్ తావున్ పండుగకు కొత్త పంటను ఊరేగించి సి జిమత్ అనే ఉమ్మడి గాదెకు చేరుస్తారు. ఇంట్లో గింజలు నిండుకున్నవాళ్లు అక్కడ బదులు తీసుకుని, కోతలయ్యాక తిరిగి ఇస్తారు. కూరగాయలు అమ్ముకోవచ్చు గానీ, వరి మాత్రం అమ్మకూడదు.

అమ్మకం వైపు బలమూ తక్కువేం కాదు. 1966లో వచ్చిన ఐఆర్ 8 అనే వరి, దాని తర్వాతి రకాలు పొట్టిగా, త్వరగా పండి ఏడాదికి రెండు పంటలిచ్చాయి. 1967లో పుట్టిన బులోగ్ అనే ప్రభుత్వ సంస్థ ధాన్యం సేకరించి గోదాముల్లో నిల్వ చేసింది. 1984 నాటికి ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. జకార్తా అంతటి నగరం కొండల మీది గాదెలతో బతకదు.

అయితే సగం ఇదీ సగం అదీ అంటే కుదరడం కష్టం. పొట్టి రకాల గింజ తేలిగ్గా రాలిపోతుంది, కాబట్టి పొలంలోనే నూర్చాలి. కంకి కట్టలు లేకపోతే లెయిత్‌లో పెట్టేదేముంది? పైగా ఒకే రకం వరుసగా వేయడం, మందులు విపరీతంగా కొట్టడం వల్ల సుడిదోమ అనే వరి పురుగు పెట్రేగింది. చివరికి 1986లో ప్రభుత్వం వరిపై 57 పురుగుమందులను నిషేధించాల్సి వచ్చింది.

కరవాంగ్ మైదానంలో కాలువ నీళ్లున్న రైతుకు అమ్ముకోవడమే మేలు, అతని పంట నగరాలకు కావాలి. కొండల్లో మాత్రం నా ఓటు లెయిత్‌కే. ధర పడిపోయినా, రోడ్డు తెగినా అక్కడ పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది. మైదానం వాళ్లు అక్కణ్నుంచి ఒక్కటి తెచ్చుకోదలిస్తే సొంత గాదె కన్నా ముందు సి జిమత్ లాంటి ఉమ్మడి గాదెను తెచ్చుకోవాలి.